సోమవారం నాటి పంతొమ్మిది డిగ్రీలు

2023 జనవరి రెండో తేదీ, సోమవారం నాడు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు దంత వైద్యశాలలో స్టోర్స్ ఇన్‌చార్జిగా చేరాను. అప్పటికి నాకు అరవై ఏళ్ళు. అంతకుముందు ముప్పై ఒక్క సంవత్సరాలు ఆసుపత్రి ఫార్మసీలలో పనిచేసి, చీఫ్ ఫార్మసిస్టుగా పదవీ విరమణ చేశాను. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం చేతకాక ఈ రెండో ఉద్యోగం ఒప్పుకున్నాను.

వైద్యశాలకు రెండు శాఖలుండేవి. దిల్‌సుఖ్‌నగర్ శాఖ ఒక అద్దె భవనంలో మూడో అంతస్తు, అంటే చిట్టచివరి అంతస్తు. కింద బట్టల దుకాణం, మధ్యలో కోచింగ్ సెంటర్ల ఆఫీసులు. ఎల్‌బీ నగర్ శాఖ చౌరస్తా దాటాక సొంత భవనంలో, నేల అంతస్తులో ఉండేది. రెండింటి యజమాని డాక్టర్ శైలజ గారు. ఆవిడ కింద అడ్మినిస్ట్రేటర్ శ్రీనివాస్, ఆ తర్వాత డాక్టర్లు, కుర్చీ పక్కన నిలబడి డాక్టరుకు పరికరాలు అందించే అసిస్టెంట్లు. నేను ఈ వరుసలో శ్రీనివాస్‌తో సమానం, కాని మందులూ సామగ్రీ విషయంలో నా మాటే చివరిది. సరుకు తెప్పించడం, బ్యాచ్ నంబరూ గడువు తేదీ చూసి దించుకోవడం, రెండు శాఖలకు పంచడం, నెలకోసారి రెండు చోట్లా తనిఖీ చేసి సంతకం పెట్టడం నా పని.

నేను చెప్పబోయేది ఆ ఏడాది వేసవిలో పళ్ళు తెల్లబరిచే జెల్ గురించి జరిగిన విచారణ. ఈ జెల్ గురించి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఇందులో పనిచేసే పదార్థం పెరాక్సైడ్. పంటి మీద ఉన్నప్పుడు అది విడిపోయి ఆక్సిజన్‌ని వదులుతుంది, మరకల రంగు పోయేది దానివల్లే. చిక్కు ఏమిటంటే వేడి తగిలితే సిరంజిలో ఉండగానే అది విడిపోవడం మొదలుపెడుతుంది. అందుకే మేము వాడే గాఢమైన రకాన్ని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచమని పెట్టె మీదే అచ్చు వేస్తారు. గడ్డకట్టనివ్వకూడదు, ఎండ తగలకూడదు. ఫ్రిజ్ తలుపు అరల్లో పెట్టకూడదు, అక్కడ చల్లదనం నిలకడగా ఉండదు. వాడే ముందు కాసేపు బయటపెట్టి గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. పాడైన జెల్ సాధారణంగా మనిషికి హాని చెయ్యదు, పని చెయ్యదు, అంతే. అందుకే అది పాడైందని చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

నేను చేరగానే రెండు పద్ధతులు పెట్టాను. ఒకటి, ఒకసారి ఒకే పెట్టె తెరవాలి. తెరిచిన పెట్టెలోని సిరంజిల మీద బ్యాచ్ నంబరూ గడువూ రాసిన చీటీ అంటించి ట్రేలో నిలబెట్టాలి, మిగతా పెట్టెలు సీలు తియ్యకుండా కింది అరలో ఉండాలి. రెండోది, రోజుకోసారి ఫ్రిజ్‌లోని థర్మామీటర్ చూసి రిజిస్టరులో రాయాలి. అంకె తప్పు రాస్తే దిద్దడం, తెల్లరంగు పూయడం కూడదు. ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైన అంకె వేసి, కొట్టినవారు పొట్టి సంతకం చెయ్యాలి. ఫార్మసీల్లో ఇది పాత నియమం.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ రీడింగ్ రాసే బాధ్యత యాదమ్మది. ముప్పై అయిదేళ్ళుంటాయి. నల్గొండ జిల్లా నుంచి వచ్చి కొత్తపేటలో కిరాయికి ఉండేది. పదో తరగతి వరకు చదివి, ఆయాగా చేరి, ఎనిమిదేళ్ళలో సీనియర్ అసిస్టెంట్ అయింది. అంకెలు గుండ్రంగా, అచ్చులా రాసేది.

మార్చి చివరి వారంలో కొత్త సరుకు వచ్చింది. అన్నీ ఒకే బ్యాచ్, గడువు మరుసటి ఫిబ్రవరి. ఐసు ప్యాకెట్లున్న ఒకే పెట్టెలో వచ్చిన వాటిని అదే రోజు నా చేతులతో రెండు శాఖలకూ పంచాను.

జూన్ మొదటి వారంలో ముగ్గురు రోగులు, ఒకరి తర్వాత ఒకరు, దిల్‌సుఖ్‌నగర్ శాఖకు తిరిగి వచ్చారు. ముగ్గురిదీ ఒకే మాట, పళ్ళలో ఏ మార్పూ లేదని. వారిలో ఒకావిడ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు వీడియో తీయించుకునే లెక్చరర్. ఆవిడ ఫోన్‌లో చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఏది ముందుదో ఏది తర్వాతదో శైలజ గారే చెప్పలేకపోయారు. ట్రేలోంచి ఒక సిరంజి తీసి గాజు పలక మీద చుక్క వేస్తే నిలవాల్సిన జెల్ జారిపోయింది.

జూన్ పదో తేదీ, శనివారం మధ్యాహ్నం శైలజ గారి గదిలో సమావేశమయ్యాం. ఆవిడ, శ్రీనివాస్, యాదమ్మ, నేను. శ్రీనివాస్ చెడ్డవాడు కాదు. వైద్యశాల పేరు పోతుందని భయపడ్డాడు. భయపడ్డ మనిషికి ఎవరో ఒకరు దొరకాలి.

"మేడం, ఎల్‌బీ నగర్‌ల గదే మాలు మంచిగ పనిచేస్తుంది. ఈడ నీళ్ళ లెక్క కారుతుంది. గడువు చూస్తే ఇంకా ఎనిమిది నెలలుంది. అంటే ఏంది? ఎవలో సిరంజిల ఉన్నది తీసుకొని నీళ్ళు కలిపి పెట్టిండ్రు," అన్నాడు. తర్వాత యాదమ్మ వైపు చూడకుండా, "ఈమె చెల్లె కొత్తపేటల బ్యూటీ పార్లర్‌ల చేస్తది. ఆడ పండ్లు తెల్లగ చేస్తమని కొత్తగ బోర్డు పెట్టిండ్రు. నేను చూసిన," అన్నాడు.

యాదమ్మ ముఖం ఎర్రబడింది. "చూసినవా సారూ? మరి లోపటికి పోయి అడగకపోయినవు, మీ జెల్ ఏడికెల్లి ఒస్తదని? మా చెల్లె ఆడ కనుబొమ్మలు తీస్తది. పండ్ల ముచ్చట దానికేం ఎరుక?"

"అరిస్తే అయిపోతదా? రిజిస్టర్ మాట్లాడుతది," అని శ్రీనివాస్ ఉష్ణోగ్రతల రిజిస్టరు తెరిచి బల్ల మీద పెట్టాడు. ఏప్రిల్ పేజీ. అన్ని గళ్ళలో నాలుగు, అయిదు, ఆరు, ఏడు. పదిహేడో తేదీ గడిలో మాత్రం ఒక అంకె కొట్టేసి ఉంది. గీత కింద పంతొమ్మిది స్పష్టంగా కనిపిస్తోంది. పక్కన ఏడు వేసి ఉంది. దాని పక్కన పొట్టి సంతకంగా గీసిన రెండు అక్షరాలు, ఎవరివో పోల్చుకోవడం కష్టం.

"గిది చూడుండ్రి మేడం. అంకెలే మార్చినామె జెల్ మార్చదా?"

శైలజ గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఎందుకు కొట్టేశావు యాదమ్మా?"

"నేను కొట్టలేదు మేడం," అంది యాదమ్మ. గొంతు తగ్గింది. "నేను పంతొమ్మిదే రాసిన. తర్వాత కొట్టిండ్రు."

ఎవరు కొట్టేశారని శైలజ గారు అడిగారు. యాదమ్మ నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. పేరు చెప్పలేదు.

నేను ఆ పేజీ వైపు చూశాను. పొట్టి సంతకం నాదిలాగే ఉంది. ఏ సందర్భంలో చేశానో ఆ క్షణాన నిజంగానే గుర్తు రాలేదు. నెలకు ఎన్నో పొట్టి సంతకాలు చేసేవాణ్ణి. కాని ఆ రెండక్షరాలు నా చేతివని గుర్తుపట్టడానికి సందర్భం గుర్తుండాల్సిన పని లేదు. "నేను పరిశీలించి సోమవారం రిపోర్టు ఇస్తాను డాక్టర్ గారూ," అని మాత్రం అన్నాను. చూసుకోకుండా మాట్లాడకూడదన్నది ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ రోజు ఆ అలవాటు చాటున దాక్కున్నానని ఇప్పుడు రాయడానికి నాకు అభ్యంతరం లేదు.

శైలజ గారు నా మాటకు ఒప్పుకున్నారు. రిపోర్టు వచ్చేదాకా యాదమ్మ ఇంటి దగ్గరే ఉండాలని, దొంగతనం అని తేలితే ఉద్యోగంలోంచి తీసేసి మిగతా వైద్యశాలలకు కూడా తెలియజేస్తామని చెప్పారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం వరకు దంత వైద్యులందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఆ మాట పాకితే ఆమెకు ఈ వైపు ఎక్కడా పని దొరకదు.

యాదమ్మ తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టింది. ఫ్రిజ్ తాళం విడిగా తీసి నా చేతికిచ్చింది. "లెక్క చూసుకోండ్రి సార్. ట్రేల నాలుగు, ఒక డబ్బ సీలుతోని. సోమారం మళ్ళ లెక్కపెడితే గంతే ఉండాలె." వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "నాది పోతే పోనీ సార్, చెల్లె పనిల కూడ మట్టి గొడుతున్నరు," అని వెళ్ళిపోయింది.

నేను లెక్కపెట్టాను. నాలుగు సిరంజిలు, ఒక సీలు పెట్టె. సరిపోయింది. ట్రేలోంచి ఒక సిరంజి సంతకం పెట్టి తీసుకున్నాను. ఇంటికి వెళ్తూ ఎల్‌బీ నగర్ శాఖలో దిగి, అదే బ్యాచ్ సిరంజి ఇంకొకటి ఐసు సంచిలో పెట్టుకున్నాను.

నేను 1984 నుంచి రోజుకో పేజీ డైరీ రాస్తున్నాను. ఉద్యోగానికి సంబంధించినవి నీలం సిరాతో, ఇంటివి నల్ల సిరాతో రాస్తాను. ఆ సాయంత్రం ఏప్రిల్ పదిహేడు తీశాను. నీలం సిరాలో ఇలా ఉంది:

"దిల్‌సుఖ్‌నగర్ ఫ్రిజ్ తొమ్మిదిన్నరకు 19 అని యాదమ్మ రాసింది. సోమవారం సోమవారం పొద్దున ఇట్లాగే ఎక్కువుంటుందని, రోజూ మధ్యాహ్నం రాస్తుంది కాబట్టి రిజిస్టరులో పడలేదని చెప్పింది. తుడవడానికి తలుపు తీసి ఉంచడం వల్లనే. పదకొండుకు మళ్ళీ చూశాను, 7. పాత అంకె కొట్టేసి సంతకం చేశాను. ఇకపై అందరూ పదకొండింటికే రీడింగ్ తీయాలని చెప్పాను."

రెండుసార్లు చదివాను. ఆమె నాకు చెప్పింది. నేను విన్న మాటను అక్షరాలా రాసుకున్నాను. దాని పక్కనే, అడగకుండానే, కారణం కూడా నేనే రాసేశాను. ఆమె తలుపు తీసి తుడిచిందా అని అడిగినట్టు డైరీలో ఎక్కడా లేదు.

తర్వాత ప్రతి నెలా చేసిన తనిఖీల పేజీలు తిరగేశాను. ఎల్‌బీ నగర్ శాఖ గురించి మూడు చోట్ల ఒకే ఫిర్యాదు రాశాను: ఫ్రీజర్ పెట్టె చుట్టూ ఐసు పేరుకుపోతోంది, మూడు వారాలకోసారి ఆపి కరిగించాలి. దిల్‌సుఖ్‌నగర్ గురించి ఏప్రిల్‌లోనూ మేలోనూ ఇలా రాశాను: "ఐసు లేదు. చాలా శుభ్రం. యాదమ్మను మెచ్చుకున్నాను." రెండూ ఒకే రకం ఒంటి తలుపు ఫ్రిజ్‌లు. అలాంటి ఫ్రిజ్ ఎడతెగకుండా నడుస్తుంటే ఐసు పేరుకుని తీరుతుంది. పేరుకోలేదంటే మధ్యలో ఎప్పుడో ఆగుతోందన్నమాట. శుభ్రతకు మెచ్చుకోలు రాసిన పేజీలోనే జబ్బు లక్షణం ఉంది. నేను రెండు నెలలు దాని కింద సంతకం చేశాను.

ఆదివారం రెండు సిరంజిలనూ ఇంట్లోనే పోల్చి చూశాను. ఒక్కో దానిలోంచి సమానమైన చుక్క తీసి, నీళ్ళూ కొంచెం పలుచటి ఆమ్లమూ కలిపి, పర్మాంగనేట్ ద్రావణం చుక్కచుక్కగా వేశాను. పెరాక్సైడ్ ఉన్నంతసేపూ గులాబీ రంగు పోతూ ఉంటుంది. రంగు నిలిచిపోతే పెరాక్సైడ్ అయిపోయినట్టు. ఎల్‌బీ నగర్ జెల్ ఇరవై చుక్కల రంగు మింగింది. దిల్‌సుఖ్‌నగర్‌ది పదమూడు దగ్గరే నిలిచిపోయింది. ఇది లేబొరేటరీ పరీక్ష కాదు, వంటింటి పోలిక. పైగా దీనితో యాదమ్మకు ఒరిగేది లేదు. నీళ్ళు కలిపినా ఇదే ఫలితం వస్తుందని శ్రీనివాస్ అనగలడు. ఆమెను బయటపడేయగలిగేది ఒక్కటే ఉంది, ఎవరూ చెయ్యి పెట్టని ఆ సీలు పెట్టె.

సోమవారం ఉదయం ఏడున్నరకు ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. భవనం షట్టర్లు ఇంకా దించే ఉన్నాయి. వాచ్‌మన్ ఎల్లయ్య మెట్ల కింద వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు.

"ఏం సార్, గింత పొద్దుగాల ఒచ్చిండ్రు? పండ్లు నొస్తున్నయా?" అని నవ్వాడు. "మీ డాక్టరమ్మ దగ్గరికి నేను గూడ ఒద్దామనుకున్న. నా గుట్కా పండ్లు చూస్తే ఆమెనే కుర్చీ ఇడిసి ఉరుకుతదని ఆగిన."

నేను మూడో అంతస్తుకు వెళ్ళి తాళం తీశాను. లైటు వెలిగింది, అది ఇన్వర్టర్ మీద ఉంది. కంప్యూటరూ అంతే. లోపలి గదిలో ఫ్రిజ్ మాత్రం చప్పుడు లేకుండా నిలబడి ఉంది. పైన శ్లాబు, పడమటి గోడ. ముందురోజంతా మూసి ఉంచిన గది కాబట్టి గడప దాటగానే వేడి ముఖానికి కొట్టింది. ఫ్రిజ్ తలుపు తీశాను. థర్మామీటర్ ముప్పై మూడు చూపించింది. సమయం ఏడు యాభై రెండు. జేబు డైరీలో రాసుకున్నాను.

కిందికి దిగేసరికి ఎల్లయ్య మీటర్ల గది తలుపు తీస్తున్నాడు. రెండో అంతస్తు, మూడో అంతస్తు మెయిన్ స్విచ్‌లు పైకి ఎత్తాడు.

"ఇవి ఎప్పుడు దించావయ్యా?" అని అడిగాను.

"శనారం రాత్రి పదింటికి సార్. ఎప్పటిలెక్కనే."

"ప్రతి శనివారమూనా?"

"మరి? ఫిబ్రవరిల రెండో అంతస్తుల వైరు కాలె గద సార్, ఐతారం నాడు, ఎవ్వలు లేని టైముల. పొగ చూసి నేనే మెట్లెక్కి ఉరికిన. అప్పటిసంది ఓనర్ సాబ్ చెప్పిండు, ఐతారం మనుషులుండని అంతస్తులకు కరెంటు బంద్ చెయ్యమని. శనారం రాత్రి దించుడు, సోమారం ఎనిమిదింటికి ఎక్కిచ్చుడు. ఒక్కరోజు గూడ తప్పలే." కొంచెం గర్వంగా చెప్పాడు.

"మా క్లినిక్ వాళ్ళకి ఎవరికైనా చెప్పావా?"

"నాకేం ఎరుక సార్, ఓనర్ సాబ్ చెప్పిండనుకున్న. మీ వోళ్ళు తొమ్మిదిన్నరకు ఒస్తరు, అప్పటికి కరెంటు ఉంటది గద. ఎవ్వలు అడగలే. ఏమైంది, ఏమన్న ఖరాబయ్యిందా?"

అతని తప్పేమీ లేదని చెప్పాను. నిజంగా లేదు. అతనికి అప్పగించిన పని అతను చేశాడు. ముప్పై నాలుగు గంటల పాటు ఆగిన ఫ్రిజ్ ఎనిమిదింటికి మొదలై, తొమ్మిదిన్నరకు పంతొమ్మిదికి దిగి, పదకొండుకు ఏడుకు చేరేది. నేను పదకొండింటికే చూడమన్నాను. ఆ తర్వాత జూన్ వరకు వచ్చిన ప్రతి ఆదివారాన్నీ నా నియమం రిజిస్టరులో కనపడకుండా చేసింది.

పది గంటలకు శైలజ గారి ముందు, శ్రీనివాస్ ముందు సీలు పెట్టె బల్ల మీద పెట్టాను. కంపెనీ సీలు చెక్కు చెదరలేదని ఇద్దరికీ చూపించి సంతకాలు తీసుకున్నాను. తర్వాత శ్రీనివాస్‌నే తెరవమన్నాను. ఆరు సిరంజిల్లో నాలుగింటి పిస్టన్లు లోపల పుట్టిన వాయువుకి వెనక్కి జరిగి ఉన్నాయి. జెల్‌లో బుడగలు. గాజు పలక మీద వేస్తే ట్రేలోని జెల్ జారినట్టే జారింది.

శ్రీనివాస్ సిరంజిని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "సీలు పెట్టెలకు నీళ్ళు ఎట్ల పోతయి..." అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"పోవు. వేడి మాత్రం లోపలికి పోతుంది," అన్నాను. ఎల్లయ్య చెప్పింది చెప్పాను. ఆ తర్వాత ఏప్రిల్ పేజీ తెరిచి, పొట్టి సంతకం మీద వేలు పెట్టి, అది నాదని చెప్పాను. డైరీ పేజీ కూడా చదివి వినిపించాను.

శైలజ గారు రిజిస్టరు తన వైపు తిప్పుకున్నారు. "శనివారం ఈ సంతకం మీరు చూశారు కదా మూర్తి గారూ?" అన్నారు.

చూశానన్నాను.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

ఖాయం చేసుకుందామని ఆగానని అన్నాను. అది సగం నిజం. ఆవిడ ఆ రెండో సగం అడగలేదు. అడక్కపోవడం నాకు మేలు అనిపించలేదు.

రిపోర్టు ఒక పేజీకి మించలేదు. జెల్ పాడవడానికి కారణం విద్యుత్ నిలుపుదల. అది తెలియకపోవడానికి కారణం రోజుకు ఒక్కసారే, అదీ ఆలస్యంగా, రీడింగ్ తీయాలన్న స్టోర్స్ ఇన్‌చార్జి ఆదేశం. హెచ్చరికగా నమోదైన ఒకే ఒక రీడింగును కొట్టేసినవారు స్టోర్స్ ఇన్‌చార్జి. సిబ్బంది తప్పు లేదు. కింద పూర్తి సంతకం చేశాను. ట్రేలోవీ పెట్టెలోవీ సిరంజిలన్నీ పనికిరానివిగా రాసి పక్కన పెట్టించాం. ఆ ముగ్గురు రోగులను పిలిపించి ఎల్‌బీ నగర్ జెల్‌తో మళ్ళీ చికిత్స చేశారు. లెక్చరర్ గారి ఫోటోల్లో ఈసారి తేడా కనిపించింది.

యాదమ్మకు ఫోన్ చేస్తానని శ్రీనివాస్ అన్నాడు. వద్దని నేనే కొత్తపేట వెళ్ళాను. పండ్ల మార్కెట్ తరలిపోయాక ఆ వీధులు కొంత పలచబడ్డాయి కాని ఆమె ఉండే సందు మాత్రం ఎప్పటిలా ఇరుకే. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. జరిగిందంతా చెప్పాను. తప్పు నాదని చెప్పాను.

ఆమె చేట పక్కన పెట్టింది. "నాకు ఆనాడే ఎరుకనే సార్, మీరే కొట్టిండ్రని. మీరు జెప్తరని చూసిన."

"చెప్పాల్సింది," అన్నాను.

"మీ పేరు నేనెట్ల తీస్త సార్, పెద్దమనిషి. మీరే నోరిప్పుతరనుకున్న." మళ్ళీ తనే, "శనారం సాయంత్రం చెల్లె పార్లర్‌కు ఎవలో ఫోన్ చేసి అడిగిండ్రట, జెల్ ఏడిదని. ఆమె మేడం మా చెల్లెను అందరి ముందర నిలబెట్టింది. గా మాట ఎవలు సరిచేస్తరు?" అంది.

ఆ పార్లరుకు శ్రీనివాస్‌ను తీసుకుని మరునాడే వెళ్ళాను. అతనే మాట్లాడాడు. ఫోన్ చేసింది తనేనని, పొరపాటైందని, ఆ అమ్మాయి మీద ఏ అనుమానమూ లేదని వైద్యశాల కాగితం మీద రాసి ఇచ్చాడు. తలెత్తి చెప్పడానికి కష్టపడ్డాడు, కాని చెప్పాడు.

యాదమ్మ బుధవారం పనికి వచ్చింది. ముందు రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఏప్రిల్ పేజీ తెరిచింది.

"ఈడ నా పంతొమ్మిది మళ్ళ రాయుండ్రి సార్. తీసేసినట్టే ఉంది ఇంకా. రేపు కొత్తోళ్ళు ఎవరన్న చూస్తే నేనే తప్పు రాసిననుకుంటరు."

ఆమె చెప్పింది సరైనదే. అదే నియమం ప్రకారం నేను వేసిన ఏడుని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన పంతొమ్మిది వేశాను. ఖాళీ మార్జిన్‌లో ఇలా రాశాను: "మొదటి రీడింగ్ సరైనది. పొరపాటున నేను కొట్టేశాను." ఈసారి పొట్టి సంతకం కాకుండా పూర్తి పేరూ హోదా తేదీ రాశాను. ఆమె అక్షరం అక్షరం చదివి రిజిస్టరు మూసి తీసుకెళ్ళింది.

ఆ వారమే ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ నుంచి వేరే లైను వేయించాం. భవనం యజమానికి ఉత్తరం రాసి, మా అంతస్తు మెయిన్ దించాల్సి వస్తే ముందు చెప్పమని కోరాం. మామూలు థర్మామీటర్ తీసేసి, అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునేది పెట్టాం. రీడింగ్ రోజుకు రెండుసార్లు. మొదటిది తాళం తీయగానే, ఇంకే పనీ ముట్టుకోకముందు. రీడింగ్ కొట్టేయాల్సి వస్తే సంతకంతో పాటు కారణం రాయాలి, ఆ కారణాన్ని రీడింగ్ తీసినవారు చదివి ఒప్పుకుని సంతకం చెయ్యాలి. ఆ చివరి నియమం యాదమ్మ అడిగి పెట్టించింది. నేను అక్కడ ఇంకో ఏడాదిన్నర పనిచేశాను. ఆమె నన్ను ఎప్పటిలాగే సార్ అనే పిలిచింది, మర్యాద తగ్గలేదు. కాని అంతకుముందు ఏదైనా అంకె తేడాగా కనిపిస్తే చాలావరకు ముందు వచ్చి నాకు చెప్పేది. ఆ తర్వాత ముందు రాసేది, తర్వాత చెప్పేది.

స్టోర్స్ పనిలో కొత్తగా చేరేవాళ్ళు నన్ను ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంటారు, గడువు ఇంకా ఉన్న సరుకును నమ్మవచ్చా అని. పెట్టె మీది తేదీని కంపెనీ ఒక షరతు మీద వేస్తుంది, ఆ సరుకు చెప్పిన చల్లదనంలో ఉంటుందని. ఆ షరతు నిలిచిందో లేదో తేదీ చెప్పదు, రిజిస్టరు చెప్పాలి. రిజిస్టరు చెప్పాలంటే దానిలో రాసేవాళ్ళు కంటికి కనిపించింది రాయాలి, పైవాళ్ళు దాన్ని అలాగే ఉండనివ్వాలి. నూరు రీడింగుల్లో ఒక్కటి మిగతావాటితో కలవకపోతే వెళ్ళి ఫ్రిజ్ చూడాలి. నేను ఆ రోజు ఆ పని చేసి ఉంటే ఏప్రిల్ పదిహేడునే ఎల్లయ్యతో మాట్లాడి ఉండేవాణ్ణి.